వారసత్వపు జట్టునకు కొత్తవారిని ఎన్నుకొనుట



ఈనాటి ప్రసంగవిషయము వినగానే కొందఱు నవ్వుకొనవచ్చును. ఎనుబదియేండ్లకు చేరువైన మనిషి అమెరికావారి బంతియాటను గుఱించి మాటలాడుట యేమి, అదియు మైదానమున ఆడు ఆట గాక కాగితముమీద ఊహించుకొని ఆడు ఆటను గుఱించి మాటలాడుట యేమి యని. ఐనను మీలో పెక్కుమందికి కొడుకులో, కూతుండ్రో, మనుమలో ఆ దేశమున నున్నారు. ఆదివారమునాడు మీరు టెలిఫోను చేసినప్పుడు, "ఆట నడుచుచున్నది నాన్నగారూ, తరువాత మాటలాడెదను" అని వారు ఒకసారియైన చెప్పియే యుందురు. ఆ ఆట యేమో, దానికై వారు అంతగా తహతహపడుట యేలనో తెలిసికొనుట మనకు నష్టము కాదు. నేను తెలిసికొన్న విధము మాత్రము కొంచెము ఖరీదైనది. ఆ ఖరీదు చెల్లించినవాడు నేను కాను, నా మనుమడు.

అమెరికావారు ఫుట్‌బాల్ అనునది మన పాఠశాలలలో కాలితో తన్ను బంతియాట కాదు. వారి బంతి రెండు కొనలును సన్నగా నుండును. దానిని చేతబట్టుకొని పరుగెత్తుదురు, విసరుదురు, అందుకొందురు. వృత్తిగా ఆడు పెద్దజట్లు 32 కలవు. విసరువానిని క్వార్టర్‌బ్యాక్ అనియు, బంతిని చంకనిడికొని పరుగెత్తువానిని రన్నింగ్‌బ్యాక్ అనియు, దూరముగా పోయి అందుకొనువానిని వైడ్‌రిసీవర్ అనియు పిలుతురు. ఎదుటివారిని అడ్డగించుటకు ఏనుగులవంటి మనుష్యులు వేఱుగా నుందురు గాని వారితో మనకు నేడు పనిలేదు.

ఇక ఊహాక్రీడ. 1962లో ఓక్లాండు జట్టులో వాటాదారుడైన బిల్ వింకెన్‌బాక్ అను పెద్దమనిషి, జట్టుతోగూడ న్యూయార్కు నగరమునకు పోయి, హోటలుగదిలో మిత్రులతో కూర్చుండి దీనికి నియమములు వ్రాసెను. మఱుసటి యేడు ఎనిమిది జట్లతో ఆట మొదలయ్యెను. కొందఱు మిత్రులు కూడి, మైదానమున నిజముగా ఆడు ఆటగాండ్ర పేళ్లను తమలో తాము పంచుకొందురు. నా పట్టికలోనున్నవాడు ఆదివారమునాడు 10 గజములు పరుగెత్తిన నాకొక పాయింటు; గీత దాటి బంతిని చేర్చిన 6 పాయింట్లు. విసరువానికి మాత్రము 25 గజములకుగాని ఒక పాయింటు రాదు. వారమువారము ఇద్దఱిద్దఱు యజమానులు పోటీపడుదురు. ఎవని పట్టిక ఎక్కువ పండిన వాడు గెలిచినట్లు.

ఇది జూదము కాదా యని మీరడుగుట న్యాయము. పెద్దమొత్తములు ఒడ్డి ఆడువారును లేకపోలేదు. కంప్యూటరు జూదమును అరికట్టుటకు 2006లో అమెరికా ప్రభుత్వము చేసిన చట్టమున ఇట్టి ఊహాక్రీడలకు కొన్ని షరతులతో మినహాయింపు ఇయ్యబడినది. నేనెఱిగిన పండ్రెండుగురు మాత్రము వెండిపూత పూసిన ఒక చెంబునకై ఆడుకొందురు. ఓడినవానికి డబ్బు పోదు, పరువు పోవును.

సాధారణముగా ఈ జట్ల ఆయుర్దాయము ఒక్క యేడు. సెప్టెంబరునకు ముందు జట్టు కూర్చుకొందురు. సంక్రాంతి నాటికి ఫలితము తేలిపోయి యుండును. అంతటితో జట్టు చెదరిపోవును. ఇది యేటికౌలు సేద్యము. కౌలుదారు ఆ యేటి పంట చూచుకొనునే గాని గట్టున మామిడిమొక్క నాటడు. నేను చెప్పబోవునది వేఱొక పద్ధతి. దానికి డైనాస్టీ లీగు, అనగా రాజవంశపు పద్ధతి యని పేరు. ఇందు ఒకసారి మన జట్టున చేరినవాడు మనము ఇచ్చివేయునంతవఱకు, లేదా అతడు ఆట మానుకొనునంతవఱకు మనవాడే. ఇది పట్టాభూమి. ఎరువు వేసిన ఫలము మనదే, చౌడు చేసిన పాపము మనదే.

మఱి అట్టి జట్టులోనికి కొత్తనెత్తురు వచ్చుట యెట్లు? ప్రతియేడును ఏప్రిలు చివరిభాగమున, కళాశాలలలో ఆడి ముగించిన యువకులను నిజమైన 32 జట్లును వంతులవారీగా కోరుకొనును. దీనినే డ్రాఫ్టు అందురు. ఏడు ఆవృత్తులలో 250 మందికి పైబడి ఎన్నుకొనబడుదురు. అది ముగిసిన పిమ్మట, తఱచుగా మే మాసమున, ఊహాజట్ల యజమానులు ఆ కొత్తవారినే తమలో పంచుకొందురు. గడచిన యేట కడపట నిలిచినవాడు మొదట కోరుకొనును; గెలిచినవాడు కడపట. ఇందు ఇంకొక విశేషము కలదు. వంతు అనునది కూడ ఆస్తియే. ఈ యేటి వంతునే గాక వచ్చు యేటి వంతును, పైయేటి వంతును గూడ మారకము వేయవచ్చును. అనగా పండని పంటమీద ముందుగా తెచ్చుకొని తినుటకు ఇందు వీలు కలదు. ఆ వీలు మన గ్రామములలో ఎన్ని యిండ్లను ముంచినదో మీకు నేను చెప్పనక్కఱలేదు.

నేను 2022 ఏప్రిలులో డల్లాసులోని మా అబ్బాయి యింటికి పోయితిని. వాని స్నేహితులు పండ్రెండుగురు ఇట్టి లీగు నడుపుచుండిరి. అందొక కుటుంబము వేఱు రాష్ట్రమునకు తరలిపోవుచు తమ జట్టును విడిచిపెట్టెను. అట్టిదానిని వారు అనాథజట్టు అందురు. నా మనుమనికి దానిమీద మనసు. పదునైదేండ్లవాడు, ఒంటరిగా చేర్చుకొనుటకు పెద్దలు సమ్మతింపలేదు. నేను నా పేర చేరి, తిరిగివచ్చునప్పుడు అతనికి అప్పగించునట్లు ఒప్పందమైనది. జట్టు గతయేట అందఱికంటె కడపట నిలిచినది గనుక మొదటివంతు మాదే. ఆ జట్టున విలువగల వస్తువు అదియొక్కటే.

డ్రాఫ్టునకు వారముముందు లీగులోని ఎదురింటి యజమాని కాఫీకి వచ్చెను. "బాబాయిగారూ, కొత్తపిల్లవాడు ఎట్లాడునో యెవరు చూచివచ్చిరి? మీరుండునది ఆఱు నెలలు. పేరుమోసిన రన్నింగ్‌బ్యాక్ నా యొద్ద నున్నాడు. వానిని తీసికొని ఆ మొదటివంతు నాకిండు" అనెను. ఆ ఆటగానికి 27 ఏండ్లు. నా మనుమడు వంటయింటి గుమ్మమున నిలుచుండి, "తాతయ్యా, వద్దు" అని ఒక్కసారి యనెను. రెండవసారి యనలేదు. ఒక్క యేడు గెలిచి ఆ చెంబును వాని చేతికిచ్చి విమానమెక్కవలెనని నాకు ఉబలాటము. ఒప్పుకొంటిని.

ఆటలు మొదలైన నాలుగవ వారమున నేను కొన్నవానికి చీలమండ బెణికినది. తరువాత ఆ యేడు వాడు మాకు పనికిరాలేదు. అక్టోబరులో నేను తిరిగివచ్చితిని. ఆటలు ముగియునాటికి మా జట్టు తొమ్మిదవ స్థానమున నిలిచెను. ఎదురింటివారు మా మొదటివంతుతో తెచ్చుకొన్న యువకుడు ఆ తరువాతి యేండ్లలో వారికి పట్టుకొమ్మ యయ్యెను. మనుమడు నన్ను ఒక్కమాట యనలేదు. జనవరిలో టెలిఫోను చేసి, "పోనీలే తాతయ్యా, ఈసారి మనకు నాలుగవ వంతు వచ్చినది గదా" అనెను. 'నాకు' అనలేదు, 'మనకు' అనెను. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నాది కాని విత్తనమును నేను వండుకొని తింటిని. ఆ వంట యైనను సరిగా ఉడుకలేదు.

అప్పటినుండి మేమిద్దఱము కూడి ఆలోచించి చేయుచున్నాము. మొట్టమొదట చేసిన పని కొత్తపిల్లల పేళ్లు వెదకుట కాదు, మా యింటిలెక్క వ్రాసికొనుట. జట్టులోని ప్రతివాని వయస్సును ఒక కాగితముమీద వ్రాసితిమి. ఎడ్లసంతకు పోయినవాడు ముందు పళ్లు చూచును గదా. రన్నింగ్‌బ్యాక్ దున్నెడి యెద్దు. దెబ్బలు తిని తిని 27, 28 ఏండ్లు దాటిన పిమ్మట తగ్గిపోవువారే యెక్కువ. నేను కొన్నవాడు కడపళ్లు వేసినవాడు. కొమ్ములకు రంగు చూచి మోసపోతిని. వైడ్‌రిసీవరునకు ఒదుగుటకు ఒకటి రెండేండ్లు పట్టినను ముప్పదియేండ్లదాక పంట యిచ్చును. క్వార్టర్‌బ్యాక్ చింతచెట్టు వంటివాడు. 2000లో 199వ వంతున ఎన్నుకొనబడిన టామ్ బ్రేడీ 45 ఏండ్ల వయస్సు వచ్చువఱకు ఆడెను. ఐతే పండ్రెండు జట్ల లీగున జట్టుకొక క్వార్టర్‌బ్యాకును మాత్రమే దింపు నియమమున్నప్పుడు అట్టివారు అందఱికిని దొరుకుదురు గనుక మొదటి వంతులను వారిపై వెచ్చింపనక్కఱలేదు. ఇద్దఱిని దింపుట కనుమతించు లీగులలో ఈ లెక్కయే తలక్రిందులగును. మన లీగు నియమమేదో చదువకయే పైవారి సలహా వినుట, ఏ నేలయో చూడక విత్తనము కొనుటయే.

లెక్క వ్రాయగా తెలిసినదేమనగా, మా జట్టు ఆ యేడు గెలుచునది కాదు. వచ్చు యేడును కాదు. అట్టిచో పెద్దవయస్సువారిని ఎంత వచ్చిన అంతకు ఇచ్చివేసి వంతులు సంపాదించుటయే పని. గాయపడిన ఆ రన్నింగ్‌బ్యాకునకు ఒక రెండవ ఆవృత్తి వంతు మాత్రము వచ్చినది. ఇచ్చివేసితిమి. మూడవ యేట గెలుపు ఆశించునట్టి జట్టునకు ఈ యేటి ముసలిబలము భారమే. దానికి మాఱుగా, గెలుపు ముంగిట నిలిచిన జట్టు ఒక వంతు నమ్మి పక్వమైన ఆటగానిని తెచ్చుకొనుట తప్పు కాదు. ఒకే బేరము ఒక యింటికి వివేకమును, పొరుగింటికి అవివేకమును కావచ్చును.

డల్లాసులోనే ఆఱు నెలలుండియు, ఆ నగరపు జట్టుకథ యొకటి నేను తిరిగివచ్చిన పిదప గాని వినలేదు. 1989లో వారి జట్టు మిక్కిలి బలహీనమై, ఆ యేడాడిన 16 ఆటలలో ఒక్కటి మాత్రమే గెలిచెను. వారికున్న రత్నమువంటి ఆటగాడు హెర్షెల్ వాకర్ అను రన్నింగ్‌బ్యాక్. ఆ యేడు అక్టోబరులో వానిని మిన్నెసోటా జట్టునకు ఇచ్చివేసిరి. మిన్నెసోటావారు ఈ ఒక్కనితో కిరీటము మనదే యనుకొని, కొందఱు ఆటగాండ్రను, రాబోవు యేండ్ల డ్రాఫ్టు వంతులను పెక్కింటిని ధారపోసిరి. వారికి కిరీటము రాలేదు. డల్లాసువారు ఆ వంతులను మారకము వేసికొనుచు, 1990లో ఎమ్మిట్ స్మిత్ అను యువకుని తెచ్చుకొనిరి. 1992, 1993, 1995 సంవత్సరముల ఆటలకు డల్లాసు జట్టే విజేత. ఈ కథ 2022 మే మాసమున నాకెవరైన చెప్పినను నేను వినియుందునా? సందేహమే. ఉబలాటమునకు చెవులు లేవు.

ఇక కొత్తవారిలో ఎవరు పండుదురు, ఎవరు తాలు? ఇది తెలియునని చెప్పువానిని నేను నమ్మను. డ్రాఫ్టు పద్ధతికి ఆద్యుడు బెర్ట్ బెల్. 1936లో ఫిలడెల్ఫియా నగరమున జరిగిన మొట్టమొదటి డ్రాఫ్టున అందఱికంటె ముందు కోరుకొనబడినవాడు జే బెర్వాంగర్. ఆయన వృత్తిజట్టులో ఒక్క ఆటయైన ఆడలేదు! దగ్గఱి సంగతి చూతము. 2020లో ఊహాజట్ల యజమానులలో చాలమంది మొదటివంతున క్లైడ్ ఎడ్వర్డ్స్-హెలైర్ అను రన్నింగ్‌బ్యాకును కోరుకొనిరి. కారణము, కాన్సాస్ సిటీ అను బలమైన జట్టు వానిని 32వ వంతున, అనగా మొదటి ఆవృత్తిలోనే ఎన్నుకొనినది. రెండవ ఆవృత్తిలో 41వ వంతున ఇండియానాపొలిస్ జట్టునకు పోయిన జోనథన్ టేలర్ మఱుసటి యేట 1811 గజములు పరుగెత్తి దేశమున ప్రథముడాయెను. అదే 2020లో వైడ్‌రిసీవర్ జస్టిన్ జెఫర్సన్ 22వ వంతువఱకు మిగిలియుండి, తొలియేటనే 1400 గజములు సాధించెను. మొదటివంతు పట్టినవారు మూఢులు కారు. వారికి తెలిసినది అంతే, అందఱికి తెలిసినదియు అంతే.

కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అను ఇద్దఱు పండితులు ఈ సంగతిని లెక్కలు వేసి చూచిరి. వీరిలో థేలర్ 2017లో అర్థశాస్త్రమునకు నోబెల్ బహుమానము పొందినవాడు. వారు 2013లో ప్రకటించిన వ్యాసము ప్రకారము, ఒకే స్థానమున ఆడు ఇద్దఱిలో ముందు కోరుకొనబడినవాడు, వెంటనే తరువాత కోరుకొనబడినవానికంటె మేలుగా తేలుట నూటికి 52, 53 సారులు మాత్రమే. నాణెము ఎగురవేసినను 50 సారులు వచ్చును. ఐనను జట్లవారు ఒక మెట్టు ఎక్కుటకు రెండు మూడు వంతులు ధారపోయుచునేయుందురు. ఈ బేరములకై డల్లాసువారు 1991లో ఒక ధరలపట్టిక కూడ వ్రాసికొనిరి. అందు మొదటివంతు ధర 3000, పదునాఱవ వంతు ధర 1000. ఆ పట్టిక మొదటివంతులకు మితిమీరిన వెల కట్టినదని పై పండితుల వాదము. వారి వాదమును ఊహాజట్లకు ఉన్నదున్నట్లుగా అన్వయింపరాదు. నిజమైన జట్లు జీతములిచ్చుకొనవలెను, మనకా బాధ లేదు. మఱియు ఊహాజట్టునకు పనికివచ్చువారు ఏటికి కొలదిమందియే గనుక మొదటివంతునకును పండ్రెండవ వంతునకును చాల భేదము కలదు. అందులోనుండి నేను గ్రహించినది ఒక్కటే: పక్కపక్కనున్న ఇద్దఱి నడుమ భేదమును మన కన్ను ఎక్కువచేసి చూపును.

అందుచేత మేము వరుసజాబితా వ్రాయుట మానితిమి. తరగతులు వ్రాయుదుము. వడ్లను రాసులు పోసినట్లు, సరిసమానముగా తోచినవారిని ఒక రాశిగా పెట్టుదుము. మా వంతు వచ్చుసరికి ఆ రాశిలో ఒక్కడే మిగిలిన వానిని తీసికొందుము. నలుగురు మిగిలిన వెనుకకు జరుగుదుము, జరుగుటకు బదులు పుచ్చుకొందుము. 2023లో ఈ పని చేయు నవకాశము చక్కగా దొరకినది. ఆ యేడు నిజమైన డ్రాఫ్టులో 20, 21, 22, 23 వంతులలో వరుసగా నలుగురు వైడ్‌రిసీవర్లు పోయిరి: స్మిత్-ఎన్జిగ్బా, జాన్‌స్టన్, ఫ్లవర్స్, ఆడిసన్. మా లీగులో మొదటి ముగ్గురు యజమానులు కోరుకొన్న పిమ్మట, మా నాలుగవ వంతునాటికి ఆ నలుగురును మిగిలియుండిరి. ఆఱవ వంతువాడు వారిలో ఒకనికై తొందరపడుచుండెను. మేము వానికి మా నాలుగవ వంతిచ్చి, ఆఱవ వంతును, మఱుసటి యేటి రెండవ ఆవృత్తి వంతును తీసికొంటిమి. మాకు దక్కినవాడు ఫ్లవర్స్. తొలియేట 858 గజములు సాధించెను. ఆ నలుగురిలో కడపట పోయిన ఆడిసన్‌కు 911 గజములు. మొదట పోయిన స్మిత్-ఎన్జిగ్బాకు 628 మాత్రమే. ఆహా, కడపటివాడే మేలు అని అనబోదుమా, మఱుసటి యేట ఆ స్మిత్-ఎన్జిగ్బాయే 100 బంతులు అందుకొని 1130 గజములు సాధించెను.

ఇంత లెక్క వేసితిమి గదా, ఆ యేటి అసలు నిధి మాకుగాని, మా పండ్రెండుగురిలో ఎవరికిగాని కనబడనే లేదు. ఐదవ ఆవృత్తిలో 177వ వంతున లాస్ ఏంజిలిస్ జట్టునకు పోయిన పుకా నకువా, తొలియేటనే 105 బంతులు అందుకొని 1486 గజములు సాధించి, కొత్తవారి పూర్వపు లెక్కలన్నింటిని తుడిచివేసెను. మా లీగు డ్రాఫ్టున వాని పేరు ఎవరును పలుకలేదు. అయిదవ ఆవృత్తివారు ఇట్లు వెలుగుట మిక్కిలి అరుదు గనుక అట్టివారికై కాచుకొని కూర్చుండుట వెఱ్ఱి. కాని చివరివంతులను చిల్లరగా భావించి ఊరక వదలివేయరాదని మాత్రము నాకు తోచినది.

మా లీగులో నలుగురు కొత్తవారిని జట్టులెక్కలో చేర్చక వేఱుగా నుంచుకొనుటకు చోటు కలదు. దానిని టాక్సీ స్క్వాడ్ అందురు. నేను నారుమడి యందును. చివరివంతులవారిని అందు పోసి ఓర్పుతో చూడవలెను. 2017లో పదవవంతున కాన్సాస్ సిటీకి పోయిన క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ ఆ యేడంతయు పక్కన కూర్చుండి ఒక్క ఆట మాత్రమే మొదలుపెట్టెను. ఆ చలికాలమున విసుగుచెంది వానిని చౌకగా వదలుకొన్నవారు కొందఱుందురు. 2018లో వాడు 5097 గజములు విసరి, 50 సారులు బంతిని గీత దాటించెను. నారు పోసిన మూడవనాడు పెఱికి చూచువాడు సేద్యగాడు కాడని మనకు తెలియును. తెలిసినదానిని మఱచుటలో నాకు సాటివచ్చువారు లేరని మీరిప్పటికే గ్రహించియుందురు.

జట్టు మనుమని పేరనే యున్నది. ఇప్పుడు అంత అధ్వాన్నముగా లేదు. గెలుచుటకు ఒకటి రెండు మెట్లు తక్కువ. వచ్చు మే మాసపు డ్రాఫ్టునకు మాకు మొదటి ఆవృత్తిలో రెండు వంతులు కలవు. మొన్న ఎదురింటి యజమాని మరల వచ్చి, ఆ రెండింటికి బదులుగా ఒక ప్రసిద్ధుని ఇచ్చెదననెనట. వయస్సు 25 ఏండ్లే, వైడ్‌రిసీవర్. బేరము అంత చెడ్డది కాదు. ఏమి చేయమందువు తాతయ్యా యని మనుమడు అడిగెను. గుమ్మమున నిలుచుండి ఒకసారి వద్దన్న మాట నేను విననందుకు, ఈసారి నేను నోరు తెఱవలేదు. వాని కాగితము వానియొద్ద నున్నది, రాసులు వాడే పోసియున్నాడు. ఇంకను జవాబు చెప్పలేదట.

డ్రాఫ్టు డల్లాసులో రాత్రి 8 గంటలకు. మనకు మఱునాటి ఉదయము ఆఱున్నర. ఆ పూట మీలో ఎవరైన మా యింటికి దయచేసినచో కాఫీ ఇప్పించెదను గాని, మాటలాడుటకు మాత్రము నాకు తీరిక యుండదు. తరువాత మాటలాడెదను. సెలవు.